జాకార్డు అట్టలు – కంప్యూటరు

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయమునకు పోయినవారు లతామండపమును చూడక తిరిగి రారు. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 16వ శతాబ్దమున, శిల్పులు చెక్కిన తీగలు, పూవులు ఆ స్తంభముల మీద నేటికిని ఉన్నవి. అవి రాతిలోనే నిలిచిపోలేదు. ధర్మవరము పట్టుచీరల అంచులలోనికి, కొంగులలోనికి నడచి వచ్చినవి. రాతి తీగ పట్టు తీగగా మారు ఆ దారిలో నేడు పాత పనిముట్టునకు, కొత్త పనిముట్టునకు తగవు వచ్చినది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయుదును.

తీగను మొదట గళ్ళ కాగితము మీద గీయుదురు. నిలువు గడి ఒక్కొక్కటి మగ్గము పైనున్న జాకార్డు పెట్టెలోని ఒక కొక్కెమునకు గుర్తు. అడ్డువరుస ఒక్కొక్కటి ఒక పేక పోగునకు గుర్తు. రంగు వేసిన గడులను చూచి అట్టకు రంధ్రములు కొట్టుదురు. రంధ్రమున్న చోట కొక్కెము లేచును, దానితో పడుగు పోగు లేచును. లేనిచోట పోగు కదలదు. ఒక వరుసకు ఒక అట్ట. పూవునకు మూడువందల పేకలు కావలసియున్నచో మూడువందల అట్టలు కొట్టి, దండవలె కుట్టవలెను. ఒక్క రంధ్రము తప్పినను పూవులో మచ్చ పడును.

ఈ యంత్రమును ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునకు చెందిన జాకార్డు 1804లో రూపొందించినాడు. అంతకుముందు మగ్గము చెంత మరియొకడు కూర్చుండి త్రాళ్ళు లాగుచుండెడివాడు. వాని పని పోవునని అక్కడి నేతగాండ్రు గట్టిగా ఎదిరించినారు. తరువాత ఆంగ్లేయుడైన బాబేజి తన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గ్రహించినాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను రంధ్రములు కొట్టిన అట్టలతోనే కూడినారు. 1970 ప్రాంతమువరకు కంప్యూటరు ప్రోగ్రాములను అట్టల మీద కొట్టుట వాడుకగా ఉండెను. కాబట్టి చీరకు అట్ట కొట్టువాడును, కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయువాడును దాయాదులే. హిందూపురమునుండి బెంగుళూరికి పోయి కంప్యూటరు కొలువు చేయు మన పిల్లలను అడుగుడు. తన వ్రేళ్ళకు అలవాటైన పాత సాధనమును విడువని తోటివాడు ఒకడు ప్రతి కార్యాలయమునను ఉండునని వారును చెప్పుదురు.

కొత్త పద్ధతిలో బొమ్మను కంప్యూటరు తెర మీద గీయుదురు. అంచు రెండు వ్రేళ్ళు వెడల్పు కావలెనన్నచో మరల మొదటినుండి గళ్ళు నింపనక్కరలేదు. గీసినది అట్టలు కొట్టు యంత్రమునకు నేరుగా అందును. ఎలక్ట్రానిక్ జాకార్డు ఉన్నచో అట్టలే అక్కరలేదు.

ఇంత సదుపాయమున్నను పెద్దవారు ఎందుకు వెనుకాడుదురు? ఒక పడుచువాడు వెళ్ళి, “చిన్నాయనా, ఇంకా ఈ అట్టలెందుకు? కాలం మారింది” అన్నాడనుకొందము. చిన్నాయన ఏమనును? “అట్టలో తప్పు పడితే నా వేలికి తెలుస్తుంది నాయనా. ఆ పెట్టె చెడిపోతే ఎవర్ని పిలిచేది? బెంగుళూరు నుంచి మనిషి వచ్చేదాకా మగ్గం నిలిచిపోతే కూలి ఎవరిస్తారు?”

ఇది మూఢత్వము కాదు. లెక్క తెలిసినవాని ప్రశ్న. నేసిన చీరకే కూలి వచ్చు ఇంటిలో మగ్గము నిలిచిన ప్రతిదినము పొయ్యి మీద ప్రభావము చూపును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక, “మీకు తెలియదు” అనువాడు ఎవ్వరిని మార్చజాలడు.

నా మనవి ఇది. మొదట ఒక్క మగ్గము మీదనే పరీక్షింపవలెను. ఆ దినములలో నిలిచిన పనికి కూలిని మగ్గము యజమానియో, సంఘమో భరింపవలెను; నేతగాని నెత్తిన వేయరాదు. కంప్యూటరుతో గీసి, అట్టలనే కొట్టించి, పాత పెట్టెతోనే నేయుట మధ్యేమార్గము. ముందు అది అలవాటైన పిమ్మట తక్కినది ఆలోచింపవచ్చును. కొత్తదానితో చీర చక్కగా దిగువరకు పాత అట్టలను అటక మీద భద్రముగా ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యము, పెద్దవానిని కంప్యూటరు ప్రక్కన గురుస్థానమున కూర్చుండబెట్టుట. అంగుళమునకు పడుగు పోగులు నూరు, పేకలు ఎనుబది అనుకొందము. ఆ లెక్క ఎరుగనివాడు సమానమైన గళ్ళ మీద గుండ్రని పూవు గీసినచో, అది చీర మీద కోడిగ్రుడ్డువలె నిలువునకు సాగును. జరీ పోగు చాల దూరము కట్టు లేక పైపైన పోయినచో గాజునకు తగులుకొని తెగును. ఎక్కడ కట్టు వేయవలెనో చిన్నాయనకు తెలియును. యంత్రము చెప్పినట్లు చేయును, చెప్పవలసినవాడు ఆయనయే. ఆయన మాట వినకున్నచో పనిముట్టు మిగులును, పనితనము పోవును.

ఒక భయము మాత్రము తీరునది కాదు. అట్టల దండను దొంగిలించుట కష్టము. కంప్యూటరులోని బొమ్మ క్షణములో మరమగ్గమునకు చేరును. చేమగ్గములకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినది. ధర్మవరము చీరకు భౌగోళిక గుర్తింపు కూడ కలదు. కాని ఆ గుర్తింపు కాపాడునది పేరునే, ప్రతి పూవును కాదు. కావున బొమ్మలు ఎవరి చేతిలో ఉండవలెనో ముందుగానే నిర్ణయించుకొనుట వివేకము.

లతామండపము శిల్పుల ఉలులు నేడు మనకు లేవు, వారి తీగ మాత్రము ఉన్నది. ఆ తీగ రాయినుండి కాగితమునకు, కాగితమునుండి అట్టకు వచ్చినది. అట్టనుండి తెర మీదికిని ఎక్కగలదు. మీ వీథిలో ఎవరైన ఈ మార్పు తలపెట్టినచో, కంప్యూటరు కొనుటకు ముందు ఒక సాయంకాలము చిన్నాయన అరుగు మీద కూర్చుండి, ఆయన ప్రశ్నలన్నిటిని కాగితము మీద వ్రాసికొని రండని చెప్పుడు. అక్కడనే పని ఆరంభమగును.