పాట చట్టసభకు పోయింది, బడికెప్పుడు?

సంగీతం సార్లూ, మేడమ్‌లూ! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ గోడ చూసినా ర్యాంకుల బోర్డులే. చాన బళ్లల్ల పాటకు ఒక్క పీరియడ్ లేదు. పాటతోటి కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం మనది. రసమయి బాలకిషన్ 2014ల ఎమ్మెల్యే అయిండు. గోరటి వెంకన్న 2020ల ఎమ్మెల్సీ అయిండు. పాట చట్టసభకు పోయింది గని బడికి పోలేదు.

2009 విద్యాహక్కు చట్టం ఏమంటది? ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులల్ల పిల్లలు వంద దాటితే కళలు నేర్పెటందుకు పార్ట్‌టైం టీచర్ ఉండాలె. అండ్ల సంగీతమని విడిగ రాయలేదు. రాయించుడే మన పని. ఎమ్మెల్యేల దగ్గరికి పోతున్నరు గద, బతిమాలకుండ్రి. చట్టం ముందట పెట్టి అడుగుండ్రి. దరువు నేర్చిన పిల్లగాడు లెక్క తప్పడు!