కాలువ దాటితే ఇంకో సర్కారు

(కాకినాడలో కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ పూట మమ్మల్ని భూగోళం పాఠం చెప్పమన్నారు. భూగోళం అంటే బళ్ళో గోడకి తగిలించే పటం కాదు. ఎవడి పొలం ఎక్కడ ఆగుతుంది, ఎవడి పోలీసు ఎక్కడిదాకా వస్తాడు, ఎవడి రేషను కార్డు ఏ గట్టు మీద చెల్లకుండా పోతుంది, ఇదీ భూగోళమే. దానికి మనం దూరం పోనక్కర్లేదు. కాకినాడలో బస్సెక్కితే చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు, నీలపల్లి దాటి ముప్ఫై కిలోమీటర్ల లోపే యానాం. అదే భాష, అదే చేపల పులుసు, అవే ఇంటిపేర్లు. సర్కారు మాత్రం వేరు. ఆ సర్కారు ఉండే ఊరు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన, అరవదేశంలో.

గౌతమి గోదావరిలోంచి కోరంగి పాయ చీలే చోట ఉంది యానాం. చుట్టూరా ఆంధ్ర నేల, మధ్యలో ఇది. నీళ్ళలో లేకపోయినా దీవి లాంటిదే. మెట్టకూరు, కనకాలపేట, ఫరంపేట, గిరియంపేట, అడవిపొలం, కురసాంపేట, దరియాలతిప్ప, ఫ్రాన్సుతిప్ప, ఇసుకతిప్ప, సావిత్రినగర్, అంబేద్కర్ నగర్, ఇవీ దాని పేటలు. జనాభా 2001లో 31,394. 2011 లెక్కల్లో 55,626. పదేళ్ళలో ఇంత పెరిగిందంటే పిల్లలు పుట్టడం వల్ల మాత్రమే కాదు, కూలి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ వల్ల కూడా. వాళ్ళెవరో ఈ గదిలో చాలామందికి తెలుసు. మన పక్క పేటలవాళ్ళే.

ఫ్రెంచివాళ్ళు 1723లో వచ్చారు. వ్యాపారం సాగక నాలుగేళ్ళకి మూసేసి, 1731లో మళ్ళీ తెరిచారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు పట్టుకోవడం, తిరిగి ఇవ్వడం చాలాసార్లు జరిగింది. ఆ యుద్ధాల కథ చరిత్ర పుస్తకాల్లో బోలెడుంది. ఇద్దరిలో ఏ దొర గెలిచినా నాట్లు వేసిన చేతులు మనవే కాబట్టి దాన్ని వదిలేద్దాం.

వదలకూడనిది ఇంకోటుంది. ఫ్రెంచి వలసల్లో 1848లో బానిసత్వం రద్దయింది. చెరుకు తోటల యజమానులకి మనుషులు కావాలి. ఎక్కడ దొరుకుతారు? ఆకలున్న చోట దొరుకుతారు. అంతకుముందే, 1828లోనే, మొదటి కూలీల జట్టు యానాం రేవు నుంచి రీయూనియన్ దీవికి పోయింది. ఆ తరువాత ఓడలు ఇంకా దూరం పోయాయి, అమెరికా ఖండాల నడుమ ఉన్న కరీబియను సముద్రంలోకి. అక్కడ గ్వాడెలూప్ అని ఒక ఫ్రెంచి దీవుల జట్టు ఉంది. రెండు పెద్ద దీవులు సీతాకోకచిలక రెక్కల్లా అతుక్కుని ఉంటాయి. ఒక రెక్క కొండ, అందులో అగ్నిపర్వతం. రెండోది చదును నేల, చెరుకు. 1854 డిసెంబరులో 'ఒరేలి' అనే ఓడ మొదటి జట్టుని అక్కడ దించింది. 1889 దాకా సుమారు 42 వేల మందిని అలా తీసుకెళ్ళారు. ఎక్కువమంది అరవవాళ్ళు. తెలుగువాళ్ళూ ఉన్నారు. అయిదేళ్ళ కంట్రాక్టు అన్నారు. ఎక్కువమంది తిరిగి రాలేదు.

ఆ ఓడ ఎవరెక్కుంటారో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు పుట్ల గింజలున్నవాడు సముద్రం దాటడు.

వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే కష్టపడ్డారు. అయినా ఓటడిగితే మీరు పరాయివాళ్ళు, ఇంగ్లీషు రాజు ప్రజలు అన్నారు. ఆన్రీ సిదంబరం అనే ఆయన, భారతీయ కూలీల బిడ్డ, 1904లో మొదలుపెట్టి 1923 దాకా ఆ ఒక్క హక్కు కోసం కొట్లాడి సాధించాడు. పందొమ్మిదేళ్ళు! మనం రెండు అర్జీలు పెట్టి కలెక్టరాఫీసు మెట్ల మీద విసిగిపోతాం. ఆయన పేరు గుర్తు పెట్టుకోండి.

ఫ్రెంచి ఇండియాలోనూ ఓటు కథ ఒకటుంది. 1881 సెప్టెంబరు 21న ఒక డిక్రీ వచ్చింది. తన కులం ఆచారాల చట్టాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చి, ఇంటిపేరు మార్చుకుంటే, ఫ్రెంచి చట్టం కింద హక్కులొస్తాయి. పుదుచ్చేరిలో, కారైకాల్లో దళితులూ క్రైస్తవులూ చాలామంది ఆ దారి పట్టారు. దానికి ముందు నడిచినవాడు పొన్నుతంబి అనే లాయరు. 1873లో యూరోపు బూట్లు వేసుకొచ్చాడని కోర్టులోకి రానివ్వకపోతే పారిస్ దాకా పోయి గెలిచాడు. ఆయన దళితుడు కాడు. పై కులంవాడికే బూట్ల కోసం పారిస్ పోవాల్సొస్తే, చెప్పులు చేత్తో పట్టుకుని కామందు వీధి దాటిన మన తాతల సంగతి ఆలోచించండి. ఆ తరువాత ఓటర్లని మూడు జాబితాలు చేశారు. యూరోపియన్లది ఒకటి, ఆచారం వదులుకున్నవాళ్ళది ఒకటి, మిగతా వాళ్ళది ఒకటి. సమానత్వం అని గోడ మీద రాసుకున్న దేశం చేసిన పని ఇది.

మన వైపునుంచి యానాం దేనికి పనికొచ్చింది? బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం 1930లో ఇంగ్లీషు ఇండియాలో అమల్లోకొస్తే, ఇక్కడి పెద్ద కుటుంబాలు పసిపిల్లల్ని బండెక్కించి యానాం తీసుకెళ్ళి తాళి కట్టించాయి. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. ముద్దు పేరని చెప్పుకుంటారుగానీ, మాకైతే ఏడుపొస్తుంది. సరిహద్దు గీత ఎవరికి దారి, ఎవరికి గోడ అని అడిగితే ఇది మొదటి జవాబు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో జనం యానాంలో ఫ్రెంచి పాలనని దించేశారు. ఆయన ఫరంపేటలో పుట్టి, ఫ్రెంచి పోలీసులో ఉద్యోగం చేసి, దానికే ఎదురు తిరిగినవాడు. ఆ అక్టోబరు 18న కీళూరులో ఓటింగు జరిగింది. ఓటేసినవాళ్ళు 178 మంది ప్రతినిధులు. 170 మంది ఇండియాలో కలుద్దామన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. మామూలు జనానికి ఓటు పెట్టెలు పెట్టలేదు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టం ప్రకారం పూర్తిగా కలిసింది 1962 ఆగస్టు 16న. 1963 నుంచి కేంద్రపాలిత ప్రాంతం.

గ్వాడెలూప్ వేరే దారిన పోయింది. 1946లో ఫ్రాన్సులో ఒక జిల్లాలా కలిసిపోయింది. ఇవాళ అక్కడ యూరో చెల్లుతుంది, పారిస్ పార్లమెంటుకి నలుగురు డెప్యూటీలు పోతారు, పింఛనూ వైద్యం ఫ్రెంచి పద్ధతిలో వస్తాయి. బాగానే ఉందే అంటారా? ధరలు ఫ్రాన్సులో కంటే ఎక్కువ, పని తక్కువ. 2009లో ఆ ధరల మీద 44 రోజులు దీవి మొత్తం సమ్మె చేసింది. అరటి తోటల్లో క్లోర్‌డెకోన్ అనే పురుగుమందు 1993 దాకా కొట్టారు. ఆ విషం ఇంకా నేలలో ఉంది. తోట యజమాని బాగున్నాడు, మందు కొట్టినవాడి ఒంట్లో విషం మిగిలింది. రొయ్యల చెరువుల్లో పనిచేసే తమ్ముళ్ళు ఈ మాట కాస్త గట్టిగా వినండి.

యానాం పాలన చూడండి. పుదుచ్చేరి అసెంబ్లీలో ఎన్నికైన సభ్యులు 30 మంది. యానాంకి ఒక్కడు. లోక్‌సభకి పుదుచ్చేరి మొత్తానికీ ఒక్కడే. ఊళ్ళో పరిపాలనాధికారి ఉంటాడు. పెద్ద తగువైతే మద్రాసు హైకోర్టు. కాయితాలు తెలుగులో నడవొచ్చని చట్టముంది. పై ఆఫీసులో చదివేవాడికి తెలుగు రావాలిగా!

ఇక బతుకుతెరువు. చేపలు, సంత, చిన్న వ్యాపారం, పన్ను తక్కువని వచ్చిన ఫ్యాక్టరీలు, వీటన్నిటి మీదా సీసా. 1992లో నెల్లూరు దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ రెండేళ్ళూ కాలువ అవతల దుకాణం తెరిచే ఉంది. ఇవతల మన అక్కలు కుండలు పగలగొడుతుంటే అవతల సంచులు నిండాయి. 2017లో జీఎస్టీ వచ్చాక చాలా సరుకుల పన్ను రెండు వైపులా ఒకటైంది. మద్యమూ పెట్రోలూ దాని బయటే ఉండిపోయాయి. అందుకే ఆ రెండు వ్యాపారాలకీ గీత ఇంకా పనికొస్తోంది.

పన్ను రాయితీ యజమానికి. కూలికి ఏముంది? 2012 జనవరి 27 గుర్తుందా? రీజెన్సీ సిరామిక్స్ కార్మికులు జీతాల కోసం ఆందోళనలో ఉన్నారు. ఆ పొద్దున పోలీసులు దిగిన చోట యూనియన్ నాయకుడు చనిపోయాడు. కోపంతో జనం ఫ్యాక్టరీ మీద పడి తగలబెట్టారు. కంపెనీ పెద్ద అధికారిని కూడా చంపేశారు. రెండు ప్రాణాలు పోయాయి, రెండూ పోకూడనివే. ఆ తరువాత ఏళ్ళ తరబడి గేటుకి తాళం. గీతకి అటూ ఇటూ ఉన్న కూలీల ఇళ్ళల్లో ఒకేసారి పొయ్యి ఆరింది.

గాలివానకి మాత్రం గీత లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను యానాంనీ, భైరవపాలెంనీ, బలుసుతిప్పనీ ఒకేలా ఊడ్చింది. నష్టపరిహారం వచ్చేటప్పటికి లెక్కలు రాయడానికి రెండు సర్కార్లు.

ఇప్పుడు అసలు సంగతి. మనకి షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రానికొకటి. పుదుచ్చేరికి 1964లో విడిగా రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వలసపోతే వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. ఆ కేసు కూడా మన తెలుగు కుర్రాడిదే, తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి పోయినవాడు. కేంద్రపాలిత ప్రాంతాల సంగతి వేరని మళ్ళీ వాదాలు నడిచాయి. ఈ లోపల ఎదుర్లంక పిల్ల కనకాలపేట కుర్రాణ్ణి చేసుకుంటే, ఆమె సర్టిఫికెట్ మీద గుమాస్తా ప్రశ్న మొదలవుతుంది. అంటరానితనానికి మాత్రం సర్టిఫికెట్ అడిగినవాడు లేడు. అది గోదారి రెండు గట్ల మీదా చెల్లుతుంది.

ఎదుర్లంక అన్నాం కదా. లోక్‌సభకి మొదటి దళిత స్పీకరు జి.ఎం.సి. బాలయోగిగారు పుట్టిన ఊరది. వెనక పంటు మీద దాటేవాళ్ళం. 2002లో వంతెన వచ్చింది, దానికి ఆయన పేరే పెట్టారు. ఇవాళ ఆ వంతెన దిగితే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. వంతెనకి ఒక దళితుడి పేరు భరించారు, జిల్లాకి భరించలేకపోయారు. ఎందుకంటే వంతెన దాటి పోతారు, జిల్లా పేరైతే రోజూ తమ చిరునామాలో రాసుకోవాలి.

పని దగ్గరికొద్దాం. తాళ్ళరేవు, ఐ. పోలవరం మండలాల పేటల నుంచి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. మీ మీ పేటల్లో యానాం ఫ్యాక్టరీలకీ బోట్లకీ పోయే కూలీలెందరు, అక్కడ కాపురమున్న మన ఆడపిల్లలెందరు, ఎవరి కార్డు ఏ వైపుది, ఎవరి సర్టిఫికెట్ ఎక్కడ ఆగింది, ఒక నోటుబుక్కులో రాయండి. పిఎఫ్ చీటీ ఉన్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో కూడా విడివిడిగా రాయండి. పదిహేను రోజుల్లో మళ్ళీ కూర్చుంటాం. పుస్తకం తీసుకురాకుండా ఎవరూ రావద్దు.