నిరీక్షణలో మేము నేర్చుకున్నది



మా తమ్ముడికి రక్త క్యాన్సర్ తిరగబెట్టిన రోజున మా ఇంట పొయ్యి వెలగలేదు. ముంబయిలో 2021లో ప్రయోగంగా తొలి రోగికిచ్చి, 2023లో అనుమతి పొందిన కార్-టి చికిత్సే ఇక దిక్కన్నారు. వాడి రక్తంలోని టి-కణాలను తీసుకున్నారు. వాటికి క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువు చేర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అందాకా వారాల నిరీక్షణ.

చిన్న జ్వరమొచ్చినా ప్రాణభయమే. పరామర్శకొచ్చిన మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేశాము, నొచ్చుకున్నవారు క్షమించాలి. వాడు మాత్రం, "నా కణాలు బడికెళ్ళాయి, చదువుకొని వస్తాయిలే" అని మమ్మల్నే నవ్విస్తున్నాడు.

ప్లేట్‌లెట్లు సాధారణంగా అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. మన సంఘం కుర్రవాళ్ళు వంతులవారీగా వచ్చి ఇస్తున్నారు. ఆ ఋణం తీర్చలేము. ఇంకో ఇంటికీ ఈ అవసరం రావచ్చు. ఇవాళే దాతల పట్టికలో పేరు రాయించి వెళ్ళండి.