ప్రాక్టీసు అను మాట
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మొన్న ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, "అయ్యవారూ, మావాడు రోజూ ఇంగ్లీషు ప్రాక్టీసు చేస్తున్నానంటాడు. ఇంతకూ వాడు చేసేదేమిటి?" అని అడిగిరి. ఒక్క మాటలో బదులు చెప్పలేకపోతిమి. ఆ బదులే నేటి మా ప్రసంగము.

ముందుగా మాటను చూతము. బ్రిటిషు పద్ధతిలో ప్రాక్టీస్ అనునది క్రియయైనపుడు 'ఎస్' అక్షరముతోను, నామవాచకమైనపుడు 'సి' అక్షరముతోను వ్రాయవలెను. అమెరికావారు రెండింటను 'సి'నే వ్రాయుదురు. అడ్వైస్, అడ్వైజ్ అను జంటలో భేదము చెవికే తెలియును. ఇందు ఉచ్చారణ ఒక్కటే గనుక కంటికి మాత్రమే తెలియును. ఈ క్రియ తరువాత మరియొక క్రియ వచ్చినచో దానికి 'ఇంగ్' చేర్చవలెను. 'ప్రాక్టీస్ రీడింగ్' అనవలెను గాని 'ప్రాక్టీస్ టు రీడ్' అనరాదు. మనము తెలుగున 'ప్రాక్టీసు చేయుట' అందుము గనుక, పిల్లలు 'ఐ యామ్ డూయింగ్ ప్రాక్టీస్' అని వ్రాయుచుందురు. ఇంగ్లీషున ఆ మాట తానే క్రియ. 'ఐ యామ్ ప్రాక్టీసింగ్' అన్న చాలును.

ఇక అర్థము. వీణ నేర్చు బాలిక చేయునది ప్రాక్టీసే. ప్లీడరుగారు కోర్టులో చేయునది ప్రాక్టీసే. ధర్మమును నడతలో చూపుటయు ప్రాక్టీసే. మన తెలుగు ఈ మూడింటిని వేరుపరచినది. మొదటిది సాధన, రెండవది వృత్తి, మూడవది ఆచరణ. మన యూరి కన్నడ సోదరులు అలవాటును 'రూఢి' అందురు. అదే మాట తెలుగున నిశ్చయమను అర్థము నిచ్చును. మూడు భాషల నడుమ పెరుగు దొడ్డబళ్ళాపురపు బిడ్డ ఒక్క మాటను మూడు ముఖములతో చూడవలసియున్నది. దీనిని భారమనుకొనరాదు; తెలిసి నేర్పినచో ఇది భాగ్యమే.

ఈ క్రియకు చుట్టములు కొన్ని గలవు. నాటకమునకు ముందు చేయునది రిహార్సల్. ఆ మాట పాత ఫ్రెంచి భాషలో దంతె అను వ్యవసాయపు పనిముట్టు పేరునుండి పుట్టినది. దున్నిన చాలులో మరల దంతె తోలుట దాని మూలార్థము. డ్రిల్ అనగా తొలుచుట. ఒకేచోట మరల మరల త్రిప్పుట. ట్రెయిన్ అను క్రియకు లాగుట మూలార్థము. ఇచట లాగువాడు గురువు. ప్రాక్టీసులో మాత్రము పని నేర్చువానిదే.

ఇచట మా తప్పు నొకటి ఒప్పుకొనవలెను. మేము కొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో, ఒక బాలుడు ఒక ఇంగ్లీషు మాటను తప్పు వ్రాసినాడని నూరు మారులు వ్రాసికొని రమ్మంటిమి. మరునాడు తెచ్చి చూపినాడు. లెక్క సరిపోయినదని సంతకము చేసితిమి. పరీక్షలో అదే మాటను మరల తప్పు వ్రాసినాడు. పుస్తకము తెప్పించి చూచితిమి. నూరు వరుసలలోను అదే తప్పు! వాడు తప్పును సాధన చేసినాడు, చేయించినవారము మేము. నేతగాడు పోగు తెగినది చూడక నేసికొనుచు పోయిన, గజములు పెరుగును గాని గుడ్డ పనికిరాదు గదా! ఆ దినమునుండి నూరు మారులు వ్రాయించుట మానితిమి. ఐదు మారులు వ్రాయించి, ప్రతి మారు చూచుచున్నాము.

జర్మను పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనపైననే పరీక్షలు చేసికొని 1885లో జ్ఞాపకశక్తిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఒకే కూర్చున్నపుడు అనేక మారులు వల్లించుటకంటె, అవే ఆవృత్తులను కొన్ని దినములకు పంచినచో పాఠము మేలుగా నిలుచునని ఆయన కనుగొనెను. కావున ఆదివారమున మూడు గంటలు బిడ్డను కట్టివేయుటకంటె దినమునకు పావుగంట మేలు.

గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, కొండలలోని సవరల భాషను ఆ భాష పలుకువారితో పలికి పలికి నేర్చిరి. 1931లో ఆ భాషను గూర్చి ఆయన వ్రాసిన ఇంగ్లీషు గ్రంథము వెలువడినది. పరుల బిడ్డల మాతృభాషకై ఆయన అంత సాధన చేసిరి. మన బిడ్డల మాతృభాషకై మనమెంత చేయుచున్నాము?

ఇంగ్లీషులో ఇంకొక మాట గలదు: ఎక్సర్‌సైజ్. దేహమునకు చేయించునది ఎక్సర్‌సైజ్. హక్కును వినియోగించుటయు ఎక్సర్‌సైజే. హక్కు విషయమున ప్రాక్టీస్ అను క్రియ చెల్లదు. మన రాజ్యాంగము 30వ అధికరణమున భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నించుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది. కదలించని చేయి చచ్చుబడినట్లే వాడని హక్కును క్షీణించును. తరగతిలో తెలుగు చదువు బిడ్డలు లేకపోయిన, కాగితముమీది హక్కు ఎవరికొరకు?

కొందరు తలిదండ్రులు ఇంగ్లీషు వచ్చునను ఆశతో ఇంట తెలుగు మాని, వచ్చీరాని ఇంగ్లీషులో బిడ్డలతో మాటలాడుచున్నారు. వారి ఆశ తప్పు కాదు. ఇంగ్లీషు కావలెను; మనముండు నేల భాషయైన కన్నడము తప్పక కావలెను. కాని తల్లి తనకు బాగుగా వచ్చిన భాషలో కథ చెప్పినపుడు బిడ్డకు తీరైన వాక్యము పట్టుబడును. ఆ పట్టు రెండవ భాషకును, మూడవ భాషకును అక్కరకు వచ్చును.

కావున మా మనవి ఇంతే. ప్రతి రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఒక దినము తెలుగు, ఒక దినము కన్నడము, ఒక దినము ఇంగ్లీషు బిగ్గరగా చదివించుడు. మీకు చదువు రాకపోయినను కొరత లేదు, వినుడు. "ఇప్పుడు చదివినది నాకు తెలుగులో చెప్పు నాయనా" యని అడుగుడు. చెప్పగలిగిన, వానికి పాఠము వచ్చినట్లే. తప్పులు దిద్దు పని మాకు విడువుడు.

మొన్న వచ్చిన తండ్రిగారు ఈ సభలో ఉన్నారు. అయ్యా, మీ కుమారుడు ప్రాక్టీసు చేయుచున్నానన్నపుడు ఇకమీదట వాని ప్రక్కన కూర్చుండుడు. వాడు చేయుచున్నదేమో మీకే తెలియును.