జింక బెదరని కెమెరా

అమెరికా అడవుల్లో తెల్లతోక జింకల జాడ కోసం చెట్టుకు ట్రెయిల్ కెమెరా కడతారు. ఎదుట వెచ్చని ప్రాణి కదిలితే చాలు, తనంతట అదే ఫొటో తీస్తుంది. చిక్కంతా రాత్రిపూట దాని వెలుగుతోనే.

తెల్ల ఫ్లాష్ ఉంటే రాత్రి కూడా రంగుల ఫొటో వస్తుంది. కానీ జింక ఉలిక్కిపడొచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌లో రెండు రకాలు. ఒకదానిలో చిన్న ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. రెండోది నో గ్లో. కెమెరా వివరాల్లో 940 nm అని రాసి ఉంటుంది. దాని వెలుగు కంటికి ఆనదు. ఫొటో కాస్త మసకే, అందే దూరమూ తక్కువే. అయినా నా ఓటు దానికే.

వెలుగు కనిపించకూడదు, సరే. మన వాసనా తగలకూడదు. ఇది మరీ ముఖ్యం. ఫొటోలున్న మెమరీ కార్డు కోసం మాటిమాటికీ వెళ్తే ఆ చోట మన వాసన మిగిలిపోతుంది. జింక ముక్కు మహా చురుకు. అందుకే సిగ్నల్ అందేచోట, ఫొటోలను ఫోనుకే పంపే సెల్యులార్ కెమెరా మేలు. జింక చూపుకు పైఎత్తున కట్టి, కాస్త కిందికి వంచండి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మాట. కొనేముందు మీ రాష్ట్ర నిబంధనలు చూసుకోండి. అరిజోనాలో 2022 నుంచి వేట కోసం ఈ కెమెరాలు వాడకూడదు.