వాకిట్ల కుక్క, దొడ్డిల గొర్రె: మహాజన సభలో పశుమిత్రలు చెప్పిన మాటలు



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు చదివినంక పశుమిత్రలను మాట్లాడమన్నరు. ప్రతి యేడు మేము గొర్రెలకు ఎన్ని టీకాలు వేసినమో, ఎన్ని మందులు తాపినమో చదివి కూర్చుంటం. ఈసారి కుక్కల గురించి చెప్తమంటే కొందరు అక్కలు నవ్విన్రు. నవ్వినా సరే, చివరిదాక వినాలె. ఈ యేడు మేము కండ్లార చూసిన నష్టాలల్ల కొన్ని కుక్క దగ్గరనే మొదలైనయి. అందులో మా తప్పు కూడ ఉన్నది.

మన సభ్యురాలు ఒక అక్క సంఘం అప్పుతోటి గొర్రెలు కొన్నది. పేరు చెప్పం. వానకాలం పోయినంక ఒక గొర్రె పిల్ల మందతోటి నడవకుండా వెనుకబడ్డది. తల ఒక పక్కకు వంచి, ఉన్నకాడనే గుండ్రంగ తిరుగుడు మొదలుపెట్టింది. కొందరు దిష్టి అన్నరు, కొందరు గాలి సోకిందన్నరు. మేము పోయి చూసి, కడుపుల పురుగులే అనుకొని మామూలు నట్టల మందు తాపి వచ్చినం. వారం తిరగకముందే ఇంకో పిల్ల అట్లనే తిరిగింది. రెండూ చచ్చిపోయినయి. కిస్తీ మాత్రం ఆగదు కద! ఆ నెల ఆ అక్క కూలికి పోయి కిస్తీ కట్టింది.

తర్వాత పశువుల డాక్టర్ ఒక తలకాయను కోసి మాకు చూపించిండు. మెదడుల నీళ్లతోటి నిండిన బుగ్గ ఉన్నది. "ఇది గొర్రెకు కుక్క నుంచి వచ్చింది, కుక్కకు మీరిచ్చిన్రు" అన్నడు. అప్పటిదాక మాకు ఆ సంగతి తెలియదు.

అది ఎట్లంటే, పండుగకో బోనాలకో గొర్రెను కోస్తం. పనికిరాని తలకాయ, పేగులు, బుగ్గలున్న కార్జం కుక్కకు ఇసిరేస్తం. చచ్చిన గొర్రెనైతే ఊరవతల పారేస్తం, కుక్కలు పీక్కతింటయి. ఆ బుగ్గలల్ల ఉన్న పురుగు పిల్లలు కుక్క పేగులల్ల బద్దె పురుగులైతయి. కుక్కకు పైకి ఏం కనపడదు, మంచిగనే తిరుగుతది. దాని మలంల మాత్రం కంటికి కనపడని గుడ్లు పడుతయి. ఆ గడ్డిని గొర్రె మేస్తే మళ్ల మెదడుల బుగ్గ వస్తది. ఇదే తీరు ఇంకో పురుగు ఉన్నది. దాని గుడ్లు కుక్క బొచ్చు నుంచి, మట్టి నుంచి మన చేతులకంటి నోట్లకు పోతే మనుషుల కార్జంల, ఊపిరితిత్తులల్ల కూడ నీటి బుగ్గలు వస్తయి. అవి ఏండ్ల తరబడి పెరిగి, ఆపరేషన్ దాక పోతయి.

అంటే మనం కుక్కకు ఏం ఏస్తమో అదే తిరిగి మన దొడ్డికి, మన ఇంటికి వస్తది. మేము ఈ రోజు చెప్పే మాట ఇదొక్కటే. మిగతాదంతా దీని వివరమే.

మొదటిది తిండి. పచ్చి కార్జం, పేగులు, తలకాయ కుక్కకు ఏయొద్దు. ఏయాలనిపిస్తే నీళ్లల్ల బాగ ఉడకబెట్టి ఏయాలె. లేకుంటే కుక్కలు తోడలేనంత లోతుగ బొంద తీసి పూడ్చాలె. చచ్చిన గొర్రె, నెలలు నిండక ముందే పడిపోయిన పిల్ల, ఈనినంక పడిన మాయ, అన్నింటికీ ఇదే పద్ధతి. పూడ్చేటప్పుడు ఉత్త చేతులతోటి ముట్టొద్దు.

మరి ఏం పెట్టాలె? మన తాతల నాటి నుంచి మంద కుక్కలు జొన్న గట్కతోటి, మజ్జిగతోటి బతికినయి. అవి ఇప్పటికీ మంచివే. అన్నం, రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు, ఉడికిన మాంసం కలిపితే బలం. ఉత్త మెతుకులతోటి కుక్క బక్కపడ్తది. కారం కూర, ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు, పిల్లలు తినే చాక్లెట్లు పెట్టొద్దు. ఉడికిన కోడి బొక్కలు సూదుల లెక్క విరిగి గొంతుల, పేగులల్ల గుచ్చుకుంటయి. కుక్క పిల్లను రెండు నెలలు నిండేదాక తల్లి నుంచి విడదీయొద్దు. ఆ తర్వాత రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలె. పెద్ద కుక్కకు పొద్దున, రాత్రి రెండు పూటలు, ఒక్కటే యాళ్లకు, ఒక్కటే గిన్నెల. యాళ్లకు తిండి దొరికే కుక్క ఇల్లు ఇడిచి ఎక్కువ తిరగదు. ఆకలితోటి ఊరు తిరిగే కుక్క గుంపుల కలుస్తది, రాత్రి దొడ్లెకు దుంకేది ఆ గుంపులే.

మన పాలమూరు, నల్లగొండ ఎండలు మీకు చెప్పే పని లేదు. కుక్కకు మన లెక్క ఒళ్లంత చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగపోసుకొని చల్లబడ్తది. రేకుల కింద, సీసీ రోడ్డు మీద కట్టేస్తే పాణం పోతది. నీడల కట్టాలె, కుండ పెంకుల ఎప్పుడూ నీళ్లుండాలె. సాగర్ ఆయకట్టుకు మందలు తోలుకపోయే గొల్ల, కురుమ ఇండ్లల్ల అన్నలకు కూడ ఈ మాట చెప్పున్రి. గొర్రెలు నీళ్లు తాగినకాడ కుక్కకు కూడ నిమ్మళంగ తాగే యాళ్ల ఇయ్యాలె.

గోమార్లు పడితే కుక్క చిక్కిపోతది, జరం వస్తది. చేతితోటి పీకి నలపకుండా సబ్బు నీళ్లల్ల ఏయాలె. పత్తి చేనుకు కొట్టే మందు మాత్రం కుక్క మీద పొయ్యొద్దు. అది నాకి సచ్చిపోతది, పూసినోళ్లకు కూడ ప్రమాదమే. బద్దె పురుగులకు గొర్రెల నట్టల మందు సరిపోదు. ప్రాజిక్వాంటెల్ మాత్ర కావాలె. కుక్క బరువును చూసి డాక్టర్ చెప్పినంత, మూడు నెలలకొకసారి తినిపించాలె.

రెండోది దాని గుణం. కుక్క ఊరికే కరవదు అంటరు. మేము అనేదేందంటే, కరిచే ముందు చెప్తది, మనం వినం. చెవులు వెనుకకు పెడుతది, పెదవి లేపి పండ్లు చూపిస్తది, ఒళ్లు బిగబడుతది, గుర్రుమంటది. తోక ఊపినంత మాత్రాన దగ్గరికి రమ్మన్నట్టు కాదు. అది తినేటప్పుడు, పండుకున్నప్పుడు, పిల్లలకు పాలిచ్చేటప్పుడు చిన్నపిల్లలను దగ్గరికి పోనియ్యొద్దు. గుంపు మీదికొస్తే ఉరకొద్దు. ఉరికితే ఎంబడి పడుతది. చేతులు దగ్గరికి పెట్టుకొని చెట్టు లెక్క నిలబడి, కండ్లల్లకు చూడకుండా, మెల్లగ వెనుకకు నడవాలె. ఇది పిల్లలకు ఇంట్ల ఆట లెక్క నేర్పియున్రి.

రాత్రి పగలు గొలుసుతోటి కట్టేసి, కట్టెతోటి కొట్టి పెంచితే కాపలా కుక్క కాదు, కరిచే కుక్క తయారైతది. మంద కుక్కనైతే చిన్నప్పటి నుంచే గొర్రెల నడుమ పెంచాలె. పిల్ల కుక్క ఆటకు గొర్రె పిల్లలను ఉరికిస్తే ముద్దుగ చూసి నవ్వుతం. అప్పుడే గట్టిగ వద్దని ఆపాలె. ఆ ఆట అలవాటైతే తర్వాత మాన్పించుడు కష్టం.

మూడోది పాణం మీదికొచ్చే సంగతి. ఈ సంవత్సరం మాలో ఒక పశుమిత్ర ఇంట్లనే కుక్క ఆమె కొడుకును కరిచింది. ఊరందరి గొర్రెలకు టీకాలు తిప్పిన ఆమె, సొంత కుక్కకు టీకా ఏయించలేదు. అత్త పసుపు, కారం పెట్టబోయింది. మా చెల్లె ఆపి, బోరు కింద సబ్బుతోటి పదిహేను నిమిషాలు కడిగి, దవాఖానకు తోలుకపోయింది. పిల్లగాడు మంచిగున్నడు. ఆ పది రోజులు ఆ తల్లి తిన్నది లేదు, పండుకున్నది లేదు.

మీరు గుర్తుపెట్టుకునేది ఇంతే. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా ముందుగాల పారే నీళ్ల కింద సబ్బుతోటి పదిహేను నిమిషాలు కడగాలె. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. మంత్రం ఏయించుకుంట కూర్చోవద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. పెద్దమనుషులు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపెడ్తరు. ఆ మందు ఆగిపోయి ఇరవై ఏండ్లయింది. ఇప్పుడు చేతికే ఇస్తరు. చర్మంల ఇచ్చే పద్ధతిల మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. కండకు ఇచ్చే పద్ధతైతే 14వ రోజు కూడ ఉంటది. చీటి మీద ఏం రాస్తే అది. గాయం లోతుగ ఉంటే గాయంలనే ఇచ్చే ఇంకో సూది కూడ అడగాలె. కరిచిన కుక్కను చంపకుండా, దొరికితే కట్టేసి పది రోజులు చూడాలె. అట్లని సూది ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డంక దాదాపు ఎవరూ బతకరు.

మనోళ్లు ఎక్కడ తప్పుతున్నరంటే, రెండో సూది అయినంక. "కూలి పోతది, బస్సు కిరాయి అయితది, పుండు మానింది కద" అని ఆపుతరు. పుండు మానినా రోగం ఆగినట్టు కాదు. అందుకే మేము సమాఖ్యను అడుగుతున్నం. ఎవరికి కుక్క కరిచినా ఆ సూదుల తారీఖులు సంఘం మీటింగ్ రిజిస్టర్ల రాయాలె. కిస్తీ కట్టలేదని అడిగినట్టే, సూదికి పోయినవా అని అడగాలె. కిరాయికి లేకుంటే పొదుపుల నుంచి చేబదులియ్యాలె.

నాలుగోది ఊరి పని. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల బాబును వీధికుక్కలు చంపినయి. 2024 ఫిబ్రవరిల మన పాలమూరు జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్లుల ఇరవై దాక కుక్కలను కాల్చి చంపిన్రు. రెండూ విన్నోళ్లం. పిల్లల కన్న కుక్కలెక్కువని మేము అనం. కాని కొన్నిటిని చంపితే ఆ జాగకు పక్క ఊరి కుక్కలు వస్తయి, రోగం కూడ వస్తది. విషం పెడితే అది మన కోళ్లకు, గొర్రెలకు కూడ తగులుతది, చట్టం ప్రకారం నేరం కూడ. 2023ల వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు కాకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినకాడనే ఇడవాలె. ఊర్ల నూరు కుక్కలుంటే కనీసం 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ ఆగుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. పంచాయతీని అడిగే బలం గ్రామ సంఘానికి ఉన్నది, తీర్మానం రాసి అడగాలె.

సాకే కుక్కకు మూడు నెలల వయసుల మొదటి రేబిస్ టీకా, డాక్టర్ చెప్పినప్పుడు రెండోది, ఆ తర్వాత ప్రతి యేడు ఒకటి. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజు ప్రతి గ్రామ సంఘం దగ్గర పశువుల డాక్టర్‌తోటి మాట్లాడి క్యాంపు పెట్టిద్దాం. కుక్కలను పట్టుకొచ్చే పని మీది, పట్టిక రాసే పని మాది.

చివరి మాట. గొర్రెల అప్పు తీసుకునేటప్పుడు మన దరఖాస్తుల గొర్రెల ధర, దాణా, మందులు రాస్తం. కుక్క ఖర్చు రాయం. వచ్చే యేడు నుంచి ఆ ఒక్క వరుస కూడ రాద్దాం: కుక్క టీకా, కుక్క మాత్ర. ఒక గొర్రె పిల్ల ధర ముందల అది ఎంత? రెండు గొర్రె పిల్లలను పోగొట్టుకున్న ఆ అక్క ఈ సభలనే కూర్చున్నది. ఈ వరుస రాయమన్నది ఆమెనే.