తూలే ప్రతి నడకా తాగుడు కాదు

(సెప్టెంబరు 25, అంతర్జాతీయ అటాక్సియా అవగాహన దినం సందర్భంగా బరంపురంలో తెలుగు యువజనుల కూడికలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు కలిసి చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమని అడిగినప్పుడు ముందు వద్దనుకున్నాం. మేము డాక్టర్లం కాము. మాలో ఒకరు బడిలో టీచరు, ఇంకొకరు బట్టల కొట్లో లెక్కలు రాస్తారు. కానీ మా ఇంట్లో రెండు తరాలుగా ఉన్న జబ్బు గురించి మేము నోరు విప్పకపోతే, రేపు ఇంకో ఇంట్లో ఇంకో నాన్నని తాగుబోతు అంటారు. అందుకే వచ్చాం.

మా నాన్నకి నలభై దాటాక నడకలో తూలు మొదలైంది. మాట ముద్దముద్దగా వచ్చేది. సంఘంలో కానుకల పళ్ళెం పట్టే పని ఆయనది. ఒక ఆదివారం పళ్ళెం చేతిలోంచి జారి నాణేలన్నీ నేలమీద దొర్లాయి. ఆ తర్వాత ఆ పని ఆయనకి ఇవ్వలేదు. ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. వీధిలో మాత్రం అన్నారు. నాన్న జన్మలో కల్లు ముట్టిన మనిషి కాదు. అమ్మ ఎంతమందికి చెప్పినా నమ్మలేదు. ఒక్కోసారి మేమూ అనుమానపడ్డాం. ఆ తప్పు ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాం.

నాన్న పోయిన కొన్నేళ్ళకి మా అన్నకి మొదలైంది. అన్న టైలరు. ముప్పై నాలుగో ఏట సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. తర్వాత సైకిల్ మీంచి రెండుసార్లు పడ్డాడు. మొదట చూపించుకున్న చోట నీరసం అన్నారు, బలానికి మాత్రలిచ్చారు. ఏడాదిన్నర అలాగే గడిచింది. చివరికి విశాఖపట్నం వెళ్ళి నరాల డాక్టరుకి చూపించాం. ఎమ్మారై తీశారు, రక్తం పరీక్షలు చేశారు, ఆఖరికి జన్యు పరీక్ష కూడా చేయించారు. స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా టైప్ 1 అన్నారు. క్లుప్తంగా ఎస్‌సీఏ1.

రిపోర్టు చేతికొచ్చిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట, "అయితే మీ నాన్న తాగలేదని ఇప్పుడైనా నమ్ముతారా?" అని.

అటాక్సియా అంటే

తల వెనక కింది భాగంలో చిన్నమెదడు ఉంటుంది. కాలు ఎక్కడ వేయాలి, గ్లాసు దగ్గర చెయ్యి ఎక్కడ ఆగాలి, నాలుక ఏ అక్షరానికి ఎలా తిరగాలి అనే పొందిక చూసేది అదే. అది దెబ్బతింటే బలం ఉన్నా పొందిక ఉండదు. సారా కూడా ఆ చిన్నమెదడు పనిని దెబ్బతీస్తుంది. అందుకే చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అటాక్సియా ఒక్క జబ్బు కాదు. చాలా కారణాలతో వస్తుంది. వాటిలో కొన్ని నయమయ్యేవి. అందుకే ముందు కారణం వెతకాలి. బీ12 విటమిన్ తగ్గితే కాళ్ళ కింద నేల తెలియక తూలతారు, ఇంజెక్షన్లతో నిలదొక్కుకోవచ్చు. విటమిన్ ఈ ఒంటికి పట్టని ఒక అరుదైన వంశపారంపర్య రకం ఉంది, దానికి పెద్ద మోతాదులో విటమిన్ ఈ ఇవ్వడమే వైద్యం. థైరాయిడ్ తగ్గినా, తాగుడు వల్ల బీ1 తగ్గినా నడక చెడుతుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ మోతాదు ఎక్కువైనా ఇదే తూలు వస్తుంది. మీ ఇంట్లో ఆ మాత్ర వాడేవాళ్ళకి కొత్తగా తూలు వస్తే డాక్టరుకి చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇంకొక్క మాట. తూలు నిమిషాల్లో, గంటల్లో ఉన్నట్టుండి వస్తే అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

మందులు ఎంతవరకు

ఎస్‌సీఏ1ని ఆపే మందు ఇవాళ్టికి లేదు. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది కానీ ఈ నిజం తెలియకే మేము చాలా డబ్బు పోగొట్టుకున్నాం. లేనిది జబ్బుని ఆపే మందు. బాధని తగ్గించే మందులు ఉన్నాయి. కాళ్ళు బిగుసుకుపోతే బాక్లోఫెన్, నరాల నొప్పికి గాబాపెంటిన్, మూత్రం ఆగకపోతే దానికి వేరే మాత్ర, దిగులుకి ఇంకోటి. మా అన్నకి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది దిగులుకి ఇచ్చిన మాత్ర. అది వేసుకున్నాకే వ్యాయామానికి లేవడం మొదలుపెట్టాడు. మత్తునిచ్చే మందులతో జాగ్రత్త. నిద్రకీ వణుకుకీ ఇచ్చే కొన్ని మాత్రలు నడకని ఇంకా తూలిస్తాయి. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వేసుకుంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్తాం.

బంధువులు ఫోన్లో వార్తలు పంపుతుంటారు. 2023లో అమెరికాలో ఒమావెలోక్సోలోన్ అనే మందుకి అనుమతి వచ్చింది. అది ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే రకానికి, పదహారేళ్ళు దాటినవాళ్ళకి. మా అన్న రకానికి కాదు. రిలుజోల్ అనే మందుతో ఇటలీలో జరిగిన పరీక్షలో మేలు కనిపించిందని 2015లో రాశారు. 2022లో ఫ్రాన్స్‌లో ఎస్‌సీఏ2 ఉన్నవాళ్ళకి ఇచ్చి చూస్తే మేలు కనిపించలేదు. వార్త చూడగానే ఆశపడొద్దని అనం. "ఏ రకానికి?" అని అడగడం మాత్రం నేర్చుకున్నాం.

బలం మాత్రల సంగతి

అమ్మ గాజులు రెండు అమ్మి, నెలకి నాలుగు వేల చొప్పున పదకొండు నెలలు క్యాప్సూల్స్ కొన్నాం. చిన్నమెదడు మళ్ళీ పెరుగుతుందని చెప్పి అమ్మారు. పెరగలేదు. తర్వాత డాక్టరు ఆ డబ్బా వెనక చదివి, అందులో బీ6 చాలా ఎక్కువగా ఉందన్నారు. బీ6 పెద్ద మోతాదులో నెలల తరబడి వేసుకుంటే నరాలే దెబ్బతిని నడక ఇంకా పాడవుతుందట. విటమినే కదా, ఏమవుతుందిలే అనుకున్నాం. విటమిన్ ఈ కూడా అంతే. రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్ళు దాన్ని ఎక్కువ మోతాదులో వాడితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. రక్తంలో తగ్గిందని పరీక్షలో తేలితే ఆ విటమిన్ మందే. తేలకపోతే అది ఖర్చు. గుడ్డు, చేప, పాలు, పప్పు, ఆకుకూర మానకుండా పెట్టమన్నారు. అదే చేస్తున్నాం.

రోజూ చేసేవి

మా ఇంట్లో నిజంగా పనిచేసింది వ్యాయామం. జపాన్‌లో ఇలాంటి రోగులకి నాలుగు వారాలు, పనిరోజుల్లో రెండు గంటలు, శని ఆదివారాల్లో ఒక గంట వ్యాయామం చేయించి, నడక మెరుగైందని 2012లో రాశారు. ఆపేశాక ఆ మేలు మెల్లగా తగ్గింది. అంటే ఇది మానకూడని పని. అంత సమయం మాకు కుదరదు. పొద్దున్న ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు నలభై నిమిషాలు చేయిస్తాం. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, గోడ వెంట పక్కకి అడుగులు వేయడం. వెనక ఎవరో ఒకరం నిలబడాల్సిందే. ఫిజియోథెరపిస్టు ముందు చూపించారు, తర్వాత ఇంట్లో మేమే చేయిస్తున్నాం.

తిండి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఈ జబ్బులో మెతుకో నీళ్ళో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తే ప్రాణానికే ముప్పు. పలచటి నీళ్ళు గొంతు దిగడమే ఎక్కువ కష్టం, చిక్కటి రాగిజావ దిగుతుంది. నేలమీద కూర్చోబెట్టడం మానేసి బల్ల దగ్గర నిటారుగా కూర్చోబెడతాం. గడ్డం కొంచెం కిందికి దించి మింగమని స్పీచ్ థెరపిస్టు నేర్పారు. నోట్లో ముద్ద ఉన్నప్పుడు మాట్లాడించం. తిన్న వెంటనే పడుకోనివ్వం.

మిగతావి చిన్నవే. లుంగీ మానేసి పైజామా. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్న చెప్పులు. స్నానాలగదిలో ప్లాస్టిక్ కుర్చీ, గోడకి ఇనుప కడ్డీ. రాత్రి చిన్న బల్బు. గ్లాసు సగమే నింపడం. నడిచేటప్పుడు పలకరించకపోవడం, ఎందుకంటే అన్నకి నడక ఒక పని, మాట ఇంకో పని. రెండూ ఒకేసారి కుదరవు. అన్న ఇప్పుడు కుట్టలేడు. కొలతలు చెబితే వదిన కుడుతుంది. గిరాకీల లెక్కంతా అన్న ఫోన్లో నోటితో చెప్పి రాయిస్తాడు. కొట్టు మూతపడలేదు.

మాత్ర ఆపడం విశ్వాసం కాదు

ఇది చెప్పడానికే ఎక్కువ భయపడ్డాం. మా మీద ప్రేమున్నవాళ్ళే ఒకరు వచ్చి, "ప్రార్థన చేశాం, ఇక మాత్రలు వేసుకుంటే నమ్మకం లేనట్టే" అన్నారు. అన్న బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపేశాడు. రెండో రోజుకి కాళ్ళు కర్రల్లా బిగిశాయి. లేని మనుషులు కనిపిస్తున్నారని కేకలు పెట్టాడు. మూడో రోజు ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. బాక్లోఫెన్ మెల్లమెల్లగా తగ్గించాలే తప్ప ఉన్నట్టుండి ఆపకూడదు. ఆ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. మేము ఇప్పటికీ ప్రార్థన చేస్తాం. ప్రార్థన చేసి మాత్ర ఇస్తాం.

పెళ్ళిళ్ళ మాట

ఎస్‌సీఏ1 తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు. తండ్రి నుంచి వచ్చినప్పుడు తర్వాతి తరంలో ముందు వయసులోనే కనిపించడం ఎక్కువ. అంటే మా ఇద్దరికీ, అన్న పిల్లలకీ ఆ సగం అవకాశం ఉంది. తమిళనాడులో తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే ఒక సమాజంలో ఇదే ఎస్‌సీఏ1 చాలా ఎక్కువగా ఉందని 2005లో డాక్టర్లు రాశారు. సొంత రాష్ట్రం వదిలి తరాలుగా కొద్ది కుటుంబాల మధ్యే సంబంధాలు కలుపుకునే మనలాంటివాళ్ళం ఇది వినాలి. ఫ్రీడ్రిక్ లాంటి రకాలు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ రావాలి. మేనరికాల్లో అలాంటివాటికి అవకాశం పెరుగుతుంది.

జబ్బు రాకముందే తెలుసుకునే పరీక్ష ఉంది. పెద్దయ్యాక, కౌన్సెలింగ్ తీసుకున్నాక, ఎవరికి వాళ్ళు ఇష్టపడి చేయించుకోవాలి. పిల్లలకి చేయించరు. అత్తింటివాళ్ళు అడిగారని చేయించుకునేది కాదు. మాలో ఒకరు చేయించుకున్నారు, ఒకరు చేయించుకోలేదు. ఎవరు ఏది అని చెప్పం. ఫలితం కూడా చెప్పం. దయచేసి అడగకండి.

మీరు చేయగలిగేది

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం నలభై శాతం లేదా అంతకు మించి అని ధ్రువీకరణ ఉంటే చాలా సదుపాయాలకి అర్హత వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో తీసేయకూడదని అదే చట్టం చెబుతుంది. యూడీఐడీ కార్డుకి దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కానీ మా అమ్మకి ఒడియా చదవడం రాదు, ఇంగ్లీషు రాదు. బోర్డు ముందు అన్న మాట ముద్దగా వస్తుంది, అమ్మది తెలుగు. మూడుసార్లు తిరిగొచ్చాం. నాలుగోసారి మన సంఘంలోని కాలేజీ కుర్రాడు ఒకడు తోడొచ్చి ఒడియాలో చెప్పాడు. ఆ రోజే పని అయింది. షోలాపూర్‌లో మరాఠీ, చెన్నైలో తమిళం, బెంగళూరులో కన్నడం వచ్చిన మీ అందరికీ ఆ పని చేతనవును. ఒక పూట తోడు వెళ్ళండి.

గుడి మెట్ల పక్కన ఒక కడ్డీ పెట్టించండి. బల్ల దగ్గర గిన్నె సగమే నింపి ఇవ్వండి. మాట ముద్దగా ఉన్న మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగండి. వీధిలో ఎవరైనా తూలుతుంటే, తాగాడని అనే ముందు దగ్గరికెళ్ళి "ఏమైందండీ?" అని అడగండి.

పోయిన నెల మన సంఘపెద్దలు మా ఇంటికి వచ్చారు. కానుకల పళ్ళెం అన్నని పట్టమన్నారు. నిలబడి పట్టలేనన్నాడు. అయితే ద్వారం దగ్గర బల్ల వేస్తాం, కూర్చుని పట్టు అన్నారు. వచ్చే ఆదివారం నుంచి అన్న అక్కడ కూర్చుంటాడు. అమ్మ ఆ రోజు ముందు వరసలో కూర్చుంటానంది. మీరూ రండి.